నడుము జబ్బుకు చట్టంలో పేరు లేదు

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటిలో ఒకటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. పని వల్ల వచ్చే ఏ జబ్బులను ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలో దీని మూడో షెడ్యూల్ చెబుతుంది. సీసం విషం, పాదరసం విషం, సిలికోసిస్, ఆస్బెస్టాసిస్, చర్మ వ్యాధులు, శబ్దం వల్ల వచ్చే చెవుడు ఇలా సాగే ఆ జాబితాను మొదటి నుంచి చివరి దాకా చదివినా నడుము, భుజం, మోకాలు, మణికట్టు అనే మాటలు దొరకవు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ ఇదే పరిస్థితి. చట్టం పేరు మారినా ఈ ఖాళీ మాత్రం అలాగే ఉంది.

అదే ఏడాది సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ ఆమోదించింది. రోజువారీ పని 9 గంటల నుంచి 10 గంటలకు పెరిగింది. విరామం లేకుండా చేయించగల పని 5 గంటల నుంచి 6 గంటలకు, మూడు నెలల్లో చేయించగల ఓవర్‌టైమ్ 75 గంటల నుంచి 144 గంటలకు పెరిగాయి. మూడు నెలలంటే 13 వారాలు. 144 గంటలను 13తో భాగిస్తే వారానికి సుమారు 11 గంటలు. మామూలు 48 గంటలకు ఇవి కలిపితే వారానికి 59 గంటల పని. కొత్త కోడ్ రోజుకు 8 గంటలే అంటూ, ఓవర్‌టైమ్ ఎంత ఉండాలో తేల్చే పనిని ప్రభుత్వాలకు వదిలేసింది.

ఈ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక చేత్తో పని గంటలు పెంచుతున్నారు. ఆ గంటలు శరీరాన్ని ఏం చేస్తాయో లెక్క రాసే కాగితం మాత్రం లేదు. ఆ శరీరాలు ఎవరివన్నది మన ప్రశ్న.

ఒక్క రోజులో రాని గాయం

కండరాలు, నరాలు, కీళ్లు, వెన్నుపూసల మధ్య డిస్కులు, స్నాయువులు, వీటికి వచ్చే జబ్బులను వైద్యులు కండర-అస్థి రుగ్మతలు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 171 కోట్ల మంది వీటితో బాధపడుతున్నారు. 160 దేశాల్లో మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో మొదటిది నడుము నొప్పి.

ఫ్యాక్టరీలో ఈ జబ్బులకు దారితీసే కారణాలు కొత్తవేమీ కాదు. ఎక్కువ బరువు ఎత్తడం, వంగి లేదా మెలి తిరిగి పని చేయడం, ఒకే కదలికను రోజుకు వేలసార్లు చేయడం, గంటల తరబడి నిలబడడం లేదా గొంతుక్కూర్చోవడం, యంత్రాల కంపనం, చలి, విరామం లేకపోవడం. ఇవి విడివిడిగా కంటే కలిసి వచ్చినప్పుడు ఎక్కువ హాని చేస్తాయి. రొయ్యల శుద్ధి ప్లాంటులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి, పొద్దంతా నిలబడి తలలు తుంచి పొట్టు వలిచే మహిళను చూడండి. ఆమె మణికట్టుకు చలి, వేగం, ఒకే కదలిక మూడూ ఒకేసారి తగులుతాయి. నిలబడి పనిచేసేవాళ్లకు వీలు దొరికినప్పుడు కూర్చునేందుకు ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఏనాడో చెప్పింది. కూర్చునే వీలు దొరకాలంటే ముందు లైను ఆగాలి.

ఈ గాయానికి తేదీ ఉండదు. యంత్రంలో వేలు తెగితే ఆ రోజు, ఆ గంట, ఆ సూపర్‌వైజరు ఎవరో చెప్పవచ్చు. డిస్కు మాత్రం పదేళ్లలో కొద్దికొద్దిగా అరిగి, ఒక రోజు ఇంట్లో బిందె ఎత్తుతుంటే పక్కకు జారుతుంది. అప్పుడు యాజమాన్యం "మా దగ్గర జరగలేదు కదా" అంటుంది. చట్టం కూడా దాదాపు అదే మాట అంటుంది.

ముప్పును ఎలా కొలుస్తారు?

ఈ ముప్పును కొలవలేమన్నది నిజం కాదు. కొలిచే పద్ధతులు దశాబ్దాలుగా ఉన్నాయి.

అమెరికాలోని నియోష్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ 1991లో బరువు ఎత్తే పనికి ఒక సూత్రాన్ని సవరించి తెచ్చింది. పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా రెండు చేతులతో ఎత్తాల్సిన బరువు 23 కిలోలు దాటకూడదన్నది దాని మొదటి మెట్టు. అక్కడి నుంచి తగ్గిస్తూ పోతారు. బరువు ఒంటికి ఎంత దూరంలో ఉంది, ఏ ఎత్తు నుంచి ఎత్తుతున్నారు, ఎంత పైకి ఎత్తుతున్నారు, నడుము తిప్పాల్సి వస్తుందా, నిమిషానికి ఎన్నిసార్లు, పట్టు సరిగా దొరుకుతుందా అన్న ఆరు అంశాలు చూస్తారు. ఎత్తుతున్న బరువును అలా తేలిన పరిమితితో భాగిస్తారు. ఫలితం 1 దాటితే ముప్పు మొదలైనట్టు, 3 దాటితే ముప్పు చాలా ఎక్కువైనట్టు.

మన లెక్క మనం వేద్దాం. సిమెంటు బస్తా 50 కిలోలు. అన్నీ అనుకూలమే అనుకున్నా 50ని 23తో భాగిస్తే 2.17. బస్తా శరీరానికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. అప్పుడు అంకె 4.3. వంగడం, తిరగడం, వేగం ఇంకా కలపనే లేదు. పైగా ఈ సూత్రం రెండు చేతులతో ఎత్తి దించే పనికే వర్తిస్తుంది. బస్తాను వీపు మీద వేసుకుని లారీకి వేసిన చెక్క మీదుగా ఎక్కే హమాలీ పని ఈ సూత్రానికి అందదు. రోజుకు 200 బస్తాలు మోస్తే 10 టన్నులు. ఆ 10 టన్నులూ ఒక మనిషి వెన్నెముక మీదుగా వెళ్తాయి.

భంగిమలను కొలవడానికి వేరే పద్ధతులున్నాయి. 1970లలో ఫిన్లాండ్ ఉక్కు పరిశ్రమలో ఓవాస్ పుట్టింది. 1993లో బ్రిటన్‌కు చెందిన మెకటామ్నీ, కోర్లెట్ రూలా పద్ధతిని రూపొందించారు. వాళ్లు పరిశీలించిన వారిలో దుస్తులు కుట్టే కార్మికులు ఉన్నారు. మెడ, భుజం, మోచెయ్యి, మణికట్టు ఏ కోణంలో ఉన్నాయో చూసి 1 నుంచి 7 వరకు మార్కు వేస్తారు. 7 వస్తే ఆ పని పద్ధతిని వెంటనే మార్చాలి. మొత్తం శరీరానికి వేసే రీబా 2000లో వచ్చింది. నొప్పి గురించి కార్మికులనే అడగడానికి 1987 నుంచి నార్డిక్ ప్రశ్నావళి ఉంది. శరీరంలో తొమ్మిది భాగాలను చూపి, గత 12 నెలల్లో, గత 7 రోజుల్లో ఎక్కడ నొప్పి వచ్చిందో, దానివల్ల పని ఆగిందో అడుగుతారు.

వీటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక ఫోను కెమెరా, కొలిచే టేపు, నాలుగు కాగితాలు చాలు. కొలవకపోవడానికి కారణం ఖర్చు కాదు. కొలిస్తే వచ్చే అంకె బాధ్యతను వెంటబెట్టుకుని వస్తుంది.

కొలత ఎక్కడ ఆగిపోతుంది?

పెద్ద కంపెనీలు కొన్ని ఈ కొలతలు చేయిస్తున్నాయి. విదేశీ కొనుగోలుదారులు అడుగుతారు కాబట్టి రికార్డులు పెడతాయి. ఇంజినీరింగ్ కాలేజీల్లో, ప్రజారోగ్య విభాగాల్లో ఇదే అంశం మీద పరిశోధనలు వస్తున్నాయి. వాటిని చదివే విద్యార్థులు మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, ఎవరిని కొలుస్తున్నారు? సాధారణంగా ఉత్పత్తి లైను మీద ఉన్నవాళ్లను. లోడింగు, అన్‌లోడింగు, ప్యాకింగు, ఊడ్చే పని, వ్యర్థాలు ఎత్తే పని కాంట్రాక్టరు చేతిలో ఉంటాయి. దేశంలోని వ్యవస్థీకృత ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కార్మికుల వాటా ఇప్పటికే 40 శాతం దాటిందని ప్రభుత్వ వార్షిక పరిశ్రమల సర్వే చెబుతోంది. ఎక్కువ బరువు ఎత్తే మనిషి కంపెనీ రిజిస్టరులో లేనప్పుడు అతని నడుము కంపెనీ అధ్యయనంలోకి రాదు.

రెండోది, ఎవరు మిగిలారు? సర్వే రోజున పనిలో ఉన్నవాళ్లనే ప్రశ్నలు అడుగుతారు. నడుము పోయినవాడు అప్పటికే ఊరికి వెళ్లిపోయి ఉంటాడు. ఎపిడెమియాలజీలో దీన్ని ఆరోగ్యవంతుడైన కార్మికుడి ప్రభావం అంటారు. జబ్బుపడినవాళ్లు జారిపోగా మిగిలిన గుంపు ఆరోగ్యంగా కనిపిస్తుంది. మనుషులను ఎంత తొందరగా మార్చితే ఆ ఫ్యాక్టరీ అంత సురక్షితంగా కనిపించడం ఇందులోని విడ్డూరం.

మూడోది, ఏం అడుగుతున్నారు? వయసు, బరువు, ఎత్తు, అనుభవం, పొగతాగే అలవాటు, చదువు. ఈ గడులన్నీ కార్మికుడి ఒంటినీ అలవాట్లనూ ప్రశ్నిస్తాయి. రోజుకు ఎన్ని బస్తాలు, ఎవరి కాంట్రాక్టు, కూలి బస్తాకా రోజుకా, సెలవు పెడితే ఉద్యోగం ఉంటుందా అన్నవి చాలా ఫారాల్లో ఉండవు. కులం గడి దాదాపు ఎప్పుడూ ఉండదు. అందుకే చివర్లో వచ్చే సిఫార్సు కూడా కార్మికుడికే: సరైన భంగిమలో వంగండి, వ్యాయామం చేయండి. 50 కిలోల బస్తాను ఏ భంగిమలో ఎత్తినా అది 50 కిలోలే.

కులం పని చేసే చోటు

కులం అంటే పనుల విభజన మాత్రమే కాదని, పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా విడదీయడమని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. ఫ్యాక్టరీలోకి రాగానే ఆ మెట్లు మాయం కాలేదు. బరువు, మురికి, వంగుడు ఉన్న పనులు దళిత, ఆదివాసీ, అత్యంత వెనుకబడిన కులాల చేతుల్లోనే ఎక్కువగా మిగిలాయి. మేస్త్రీ తన వాడ నుంచి, తన బంధువుల నుంచి మనుషులను తెచ్చే పద్ధతి వల్ల కుల చట్రం చెక్కు చెదరకుండా గేటు లోపలికి వస్తుంది. ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు కుటుంబాలతో సహా వచ్చేవాళ్లను చూసినా ఇది కనిపిస్తుంది. అక్కడ గొంతుక్కూర్చుని ఇటుకలు కోసే పని, తల మీద మోసే పని మొత్తం ఇంటిల్లిపాదిదీ. అందులో ఆడవాళ్ల మోకాళ్ల లెక్క ఎక్కడా ఉండదు.

తెలంగాణ రైస్ మిల్లుల్లో హమాలీ పని చాలాభాగం బిహార్ వలస కార్మికుల మీద నడుస్తోంది. 2020 మే నెలలో, లాక్‌డౌన్ వేళ దేశమంతా వలస కార్మికులు ఇళ్లకు నడుస్తుంటే, బిహార్‌లోని ఖగడియా నుంచి హమాలీలను ప్రత్యేక రైలులో తెలంగాణకు రప్పించారు. ఆ వీపులు లేకపోతే ధాన్యం కదలదని ప్రభుత్వానికి తెలుసు. అయినా వాళ్ల వెన్నెముకకు పరీక్ష చేయించాలన్న ఆలోచన రాలేదు.

"వాళ్లకు అలవాటేనండీ" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇది కుల భావజాలమే. కొన్ని ఒళ్లు మోత కోసమే పుట్టాయని అది నమ్మిస్తుంది. కండరం కొంతవరకు అలవాటు పడుతుంది. డిస్కు అలవాటు పడదు, అరుగుతుంది. బరువుకు కులం తెలియదు గానీ, ఆ బరువు ఎవరి మీద పెట్టాలో కులం నిర్ణయిస్తుంది.

అంకెలు లేవు కదా అని ఎవరైనా అడగవచ్చు. అంకెలు ఎందుకు లేవన్నదే అసలు విషయం. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల వివరాలను నమస్తే పథకం కింద ప్రభుత్వం సేకరించింది. నమోదైన సుమారు 38 వేల మందిలో 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలేనని 2024లో తేలింది. మరణాల మీద ఏళ్ల తరబడి పోరాటం జరిగితే తప్ప ఆ లెక్క రాలేదు. ఫ్యాక్టరీ లోడింగు కార్మికుల విషయంలో అలాంటి లెక్క ఎవరూ తీయలేదు. రానున్న జనగణనలో కులం నమోదు చేస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. కులాన్నీ పనినీ ఆరోగ్యాన్నీ కలిపి చదివే వీలు లేకపోతే ఆ అంకెలు కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు.

చట్టం దగ్గర మూడు తలుపులు

నడుము పోయిన కార్మికుడి ముందు మూడు తలుపులున్నాయి.

ఒకటి, బరువు పరిమితి. ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ హాని కలిగించేంత బరువు ఎత్తించకూడదని చెప్పింది. దాని కింద రాష్ట్రాల నిబంధనల్లో తరచూ కనిపించే పరిమితి పురుషుడికి 55 కిలోలు, స్త్రీకి 30 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫార్సులో కూడా 55 ఉంది. అయితే అంతకు మించి ఉంటే తగ్గించండి అన్న అర్థంలో ఉంది. మనం దాన్ని అనుమతిగా చదువుకున్నాం. 23 కిలోల దగ్గర మొదలుపెట్టి తగ్గించుకుంటూ వెళ్లే శాస్త్రానికీ, 55 వరకు పరవాలేదనే చట్టానికీ మధ్య దూరంలోనే కార్మికుడి నడుము విరుగుతోంది.

రెండు, నష్టపరిహారం. వృత్తి వ్యాధుల షెడ్యూల్‌లో ఉన్న జబ్బు వస్తే అది పని వల్లే వచ్చిందని చట్టం భావిస్తుంది. లేని జబ్బు వస్తే, అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదం వల్ల కలిగిన నిర్దిష్ట గాయం నుంచే వచ్చిందని కార్మికుడే నిరూపించుకోవాలి. తేదీ లేని గాయానికి ప్రమాదాన్ని ఎక్కడి నుంచి తెస్తాడు? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో మణికట్టు, మోచెయ్యి, మోకాలి జబ్బులతో ఒక విభాగమే ఉంది. ఏళ్ల తరబడి బరువులు మోసినందువల్ల వచ్చే నడుము డిస్కు జబ్బును జర్మనీ 1993 నుంచి వృత్తి వ్యాధిగా గుర్తిస్తోంది. ఇది సాధ్యమేననడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మూడు, ఈఎస్ఐ. ఇక్కడ ఒక చిన్న తేడాలో పెద్ద అన్యాయం ఉంది. పనిలో గాయమైతే వేతనంలో 90 శాతం లెక్కన భృతి వస్తుంది, ఎన్నాళ్లు చందా కట్టారన్న షరతు లేదు. మామూలు జబ్బయితే 70 శాతం, ఏడాదికి 91 రోజులే. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో డిస్కు జారడం ఉంది, దానికి 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇవ్వవచ్చు. కానీ అందుకు రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండాలి, నిర్ణీత కాలంలో కనీసం 156 రోజులు చందా కట్టి ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు, మధ్యలో ఖాళీలు ఉన్నవాడు ఈ షరతు దగ్గరే ఆగిపోతాడు. అదే డిస్కు జబ్బును వృత్తి వ్యాధిగా రాస్తే ఈ అడ్డంకి ఉండదు. చట్టంలో ఒక్క పేరు చేరడం వల్ల పేద కుటుంబంలో రెండేళ్ల తిండి మారుతుంది.

కొత్త కోడ్ ఈ తలుపులను ఇంకా ఇరుకు చేసింది. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు లేని చోట 20 కాస్తా 40 అయింది. కాంట్రాక్టు కార్మికుల రక్షణ 20 మంది నుంచి 50 మందికి జరిగింది. చిన్న మిల్లులు, పాలిష్ యూనిట్లు, గోదాముల్లో ఎక్కువ శాతం ఈ గీతకు దిగువనే ఉంటాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలని ప్రభుత్వం గొప్పగా చెబుతోంది. పద్దెనిమిదేళ్లకే బస్తా ఎత్తినవాడికి 40 ఏళ్లనాటికి పరీక్ష చేస్తే తెలిసేది అప్పటికే జరిగిపోయిన నష్టం.

1946లో వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న అంబేద్కర్ ఫ్యాక్టరీల్లో వారపు పనిని 54 గంటల నుంచి 48కి తగ్గించే సవరణ తెచ్చారు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత ఓవర్‌టైమ్ పేరుతో 59కి వెళ్తున్నాం.

బస్తా తగ్గించలేమా?

బస్తా బరువు ప్రకృతి నియమం కాదు. 2018లో యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45కి తగ్గించారు. పొలంలో ఎరువు వాడకం తగ్గాలని ఆ పని చేశారు, హమాలీ కోసం కాదు. కావాలనుకుంటే ఒక్క ఉత్తర్వుతో దేశమంతా బస్తా మారుతుందని మాత్రం రుజువైంది. సిమెంటు, బియ్యం బస్తాలను 25 కిలోలకు తేవడానికి అడ్డేమిటో పాలకులు చెప్పాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. హమాలీకి కూలి బస్తా లెక్కన లేదా క్వింటాలు లెక్కన వస్తుంది. బస్తా తగ్గి, రేటు తగ్గి, తిప్పలు రెట్టింపైతే నష్టం మళ్లీ అతనిదే. కన్వేయరు బెల్టు పెడితే నడుము దక్కుతుంది, ఉపాధి పోతుంది. అందుకే భద్రత డిమాండును కూలి డిమాండు నుంచి విడదీయకూడదు. బరువు తగ్గాలి, రోజు ఆదాయం తగ్గకూడదు. యంత్రం వస్తే దాన్ని నడిపే శిక్షణ, ఉద్యోగం ముందుగా బస్తా మోసినవాళ్లకే దక్కాలి.

మనం చేయగల పని

విద్యార్థులు, కార్యకర్తలు ప్రభుత్వ లెక్క కోసం ఎదురుచూడనక్కర్లేదు. నార్డిక్ ప్రశ్నావళిని తెలుగులో పెట్టుకుని, దానికి కులం, లింగం, కాంట్రాక్టరు, రోజుకు మోసే బరువు, కూలి పద్ధతి అనే గడులు కలపండి. సర్వే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాకుండా కార్మికులు ఉండే మాలపల్లెలో, మాదిగపల్లెలో, వలస కార్మికుల బస్తీలో చేయండి. పని మానేసినవాళ్లు అక్కడే దొరుకుతారు. ఏ వయసులో మొదలుపెట్టారు, ఏ వయసులో మానేశారు, ఎందుకు మానేశారు అన్న మూడు ప్రశ్నలు తప్పక అడగండి. పేర్లు రాయకండి, ఉద్యోగాలు పోతాయి.

సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. ఫ్యాక్టరీల శాఖను గత ఐదేళ్లలో ఎన్ని తనిఖీల్లో బరువు పరిమితిని చూశారో అడగండి. ఈఎస్ఐని డిస్కు జబ్బుకు దీర్ఘకాలిక భృతి ఎంతమందికి ఇచ్చారో, ఎన్ని దరఖాస్తులను ఏ కారణంతో తిప్పి పంపారో అడగండి. వాళ్ల దగ్గర సమాచారం లేదని జవాబొస్తే ఆ జవాబునూ దాచిపెట్టండి. లెక్క తీయలేదనడానికి అదే సాక్ష్యం.

డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. వృత్తి వ్యాధుల షెడ్యూళ్లలో కండర-అస్థి రుగ్మతలను చేర్చాలి. 55 కిలోల పరిమితిని శాస్త్రం చెప్పే స్థాయికి దించాలి. ముప్పు అంచనా కాంట్రాక్టు కార్మికులతో మొదలు కావాలి, ఫలితాలను వాళ్లకు అర్థమయ్యే భాషలో గోడ మీద అంటించాలి. భద్రతా కమిటీల్లో లోడింగు, పారిశుధ్య కార్మికులకు, అందులో మహిళలకు చోటు ఉండాలి. కోడ్‌ల కింద నిబంధనలను రాష్ట్ర ప్రభుత్వాలు అవసరమైనప్పుడల్లా రాస్తూ, సవరిస్తూనే ఉంటాయి. ముసాయిదా బయటికి వచ్చిన ప్రతిసారీ అభ్యంతరాలు పంపే గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో యాజమాన్య సంఘాల కాగితాలు తప్పకుండా చేరతాయి. ఈసారి వాడల నుంచి తీసిన లెక్కలు కూడా వాటి పక్కన చేరాలి.